వారెంటు లేకుండా ఇంట్లోకి వచ్చి అన్నయ్యను పట్టుకెళ్ళారు. ఇది చెల్లుతుందా?

నాగావళి తీరం (రాత్రి 2:40)
రాత్రి పదకొండు నుంచి ఫోనులో వెతుకుతూనే ఉన్నాను. ఒకచోట రావచ్చని, ఇంకొకచోట రాకూడదని రాశారు. కళ్ళు మండుతున్నాయి. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పండి. తాగి ఉన్నాడని పోలీసులు మనిషిని ఇంట్లోంచి పట్టుకుపోవచ్చా?

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక మండల కేంద్రం. అన్నయ్య పెళ్ళికి వెళ్ళి వచ్చాడు. తాగాడు, కాదనను. కానీ వచ్చింది తన ఇంటికి, ఎవరి ఇంటికో కాదు. వారెంటు లేదు, ఏ కాగితమూ లేదు. ఇద్దరు వచ్చి నేరుగా నడిమింట్లోకి నడిచారు. అమ్మ దోమతెర మీద టార్చి వేశారు. డెబ్బై రెండేళ్ళ మనిషి, చీర సర్దుకునేలోపే వాళ్ళు వంటింటి గుమ్మం దాకా వెళ్ళిపోయారు. ఇప్పుడు గడప దగ్గర అన్నయ్య చెప్పు ఒకటే ఉంది. రెండోది ఎక్కడ పడిందో తెలియదు. రాత్రిపూట అరెస్టు చేయకూడదని కూడా ఎక్కడో చదివాను. అవునో కాదో చెప్పండి, చాలు.

ఆర్.వి. (రాత్రి 2:52)
ఏ సెక్షన్ కింద?

నాగావళి తీరం (రాత్రి 2:55)
వాళ్ళు చెప్పలేదండీ. చెప్పి ఉంటే ఇక్కడికి ఎందుకు వస్తాను?

ఆర్.వి. (రాత్రి 2:58)
సెక్షన్ తెలియకుండా అవును, కాదు అనలేను. రాత్రిపూట అన్న నియమం ఆడవాళ్ళ అరెస్టుకే. మగవాళ్ళకు లేదు.

పాత గుమస్తా (ఉదయం 5:10)
బాబూ, నలభై ఏళ్ళు వకీలు గుమస్తాగా కోర్టుల చుట్టూ తిరిగినవాడిని. నువ్వు ముఖ్యమైన మాట రాయలేదు. అన్నయ్య ఇప్పుడు స్టేషన్‌లో ఉన్నాడా, ఇంటికి వచ్చాడా? లోపలే ఉంటే ఇది చదవడం ఆపి బయలుదేరు. ఎందుకు పట్టుకున్నారో మనిషికి చెప్పాలి. ఇంటివారికి కబురు పెట్టాలి. ఇంటివారో ఊరి పెద్దమనిషో ఒకరు సాక్షి సంతకం పెట్టిన అరెస్టు మెమో, అంటే ఎప్పుడు పట్టుకున్నారో రాసిన కాగితం, ఉండాలి. పోలీసు నిర్బంధం గురించిన డి.కె. బసు కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినవి ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ప్రయాణానికి పట్టే సమయం వేరు. 15100కు ఫోను చేస్తే న్యాయ సేవాధికార సంస్థవారు పలుకుతారు. నిర్బంధంలో ఉన్న మనిషికి సంపాదన ఎంతని అడగకుండా వకీలును ఇవ్వాలి.

ఇక నీ ప్రశ్న. తాగి చిరాకు పెట్టడం పాత శిక్షాస్మృతిలో 510వ సెక్షన్. 2024 జూలై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 355. తాగడం ఒక్కటే ఆ నేరం కాదు. మత్తులో బహిరంగ స్థలంలోనో, అడుగుపెట్టే హక్కు లేని చోటనో ఉండాలి, అక్కడ ఎవరికైనా చిరాకు కలిగేలా ప్రవర్తించాలి. రెండూ కలిస్తేనే నేరం. శిక్ష 24 గంటల సాధారణ ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. పాత చట్టంలో జరిమానా పది రూపాయలే.

ఇది నాన్ కాగ్నిజబుల్ నేరం. వారెంటో మేజిస్ట్రేటు ఉత్తర్వో లేకుండా దీనికి అరెస్టు చేయకూడదని భారతీయ నాగరిక సురక్షా సంహిత (అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే చట్టం) 35(2) చెబుతుంది. పోలీసు కళ్ళెదుటే చేసి, పేరూ ఊరూ చెప్పనని మొండికేస్తే మాత్రం అవి తేలేదాకా పట్టుకోవచ్చు.

ఇంట్లోకి రావడం అదే సంహితలో 44వ సెక్షన్. పట్టుకోవలసిన మనిషి లోపల ఉన్నాడని నమ్మే కారణం ఉంటే రావచ్చు, ఇంటివారు దారి ఇవ్వాలి. కానీ ఆ సెక్షన్ అరెస్టు చేసే అధికారం ఉన్నవారికే. 355 ఒక్కటే అయితే ఆ అధికారమే లేదు, కాబట్టి గడప దాటే అధికారమూ లేదు. 355 ఒక్కటే అయితే అంటున్నాను, గమనించు. అందుకే అడుగుతున్నాను. పెళ్ళి నుంచి ఎలా వచ్చాడు? బండి మీదా? దారిలో ఏమైనా జరిగిందా?

టీచరమ్మ, బొబ్బిలి (ఉదయం 6:05)
గుమస్తాగారు చెప్పినదంతా నిజమే కావచ్చు. నాకు బాధ కలిగించేది వేరే. తాగినవాడి హక్కుల గురించి తెల్లవారేదాకా వెతికే తమ్ముళ్ళు ఉన్నారు, అమ్మ తప్ప ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి గురించి ఒక్క వాక్యం లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి వెళ్ళింది చట్టం చదువుకుని కాదు, ఇంట్లో అన్నం కుండ ఖాళీ అయి వెళ్ళారు. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్ళీ తెరిచారు. ఆ రెండేళ్ళలో మా బడికి వచ్చే పిల్లల ముఖాలు ఎలా మారాయో నేను చూశాను. నెల మొదట్లో కొత్త పలక, కొత్త జడ రిబ్బను కనిపించేవి. తెరిచాక అవి కనిపించడం మానేశాయి.

బాబూ, మీ అన్నయ్యకు పెళ్ళి అయిందా? మీ వదిన ఏమంటున్నారు? ఇంటి మనిషే 112కు ఫోను చేసి రమ్మంటే, ఆ పోలీసులు చొరబడినట్టు కాదు, పిలిస్తే వచ్చినట్టు.

ఆర్.వి. (ఉదయం 6:20)
అడిగింది మద్య నిషేధం గురించి కాదు.

టీచరమ్మ, బొబ్బిలి (ఉదయం 6:24)
ఎవరు పిలిచారన్నది అడిగినదానిలో భాగమే. నాకు జవాబు రాలేదు.

మాట మర్మం (ఉదయం 7:15)
'పట్టుకెళ్ళారు' అని ఒకరు, 'అరెస్టు' అని ఒకరు, రేపు పత్రికలో 'అదుపులోకి తీసుకున్నారు' అని. ఈ మూడు మాటల మధ్యే మనుషులు నలిగిపోతున్నారు. సురక్షా సంహిత 43 ప్రకారం ఒంటి మీద చేయి వేసినా, కదలకుండా నిర్బంధించినా, మాటతోనో చేతతోనో తానే లొంగినా అరెస్టే. 'అదుపు' అనగానే అది అరెస్టు కాదేమో అనుకుని ఇంటివారు కాగితం అడగరు. అడగకపోతే మెమో పుట్టదు. మెమో లేకపోతే 24 గంటలు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ చెప్పలేరు. మాటను సరిగ్గా వాడమనడం చాదస్తం కాదు.

ఇంకొకటి. ఆయన ఇంట్లో ఉన్నాడా, వీధరుగు మీద ఉన్నాడా? ఇంటి కప్పు కింద ఉన్నా అరుగు వీధివైపుదే.

ఆర్.వి. (ఉదయం 7:22)
వీధరుగు బహిరంగ స్థలమే.

మాట మర్మం (ఉదయం 7:30)
ఎలా అంటారు? కట్టినవాడు ఇంటివాడు, పన్ను కట్టేవాడు ఇంటివాడు. దారిన పోయేవాడు కూర్చుంటే అది మర్యాద, హక్కు కాదు.

ఆర్.వి. (ఉదయం 7:33)
అక్కడి నుంచి అరిస్తే వీధి వింటుంది.

మాట మర్మం (ఉదయం 7:41)
వినబడడం వేరు, స్థలం బహిరంగం కావడం వేరు. సెక్షన్ స్థలం గురించి మాట్లాడుతుంది, శబ్దం గురించి కాదు.

పార్వతీపురం అబ్బాయి, డాలస్ (ఉదయం 8:02)
ఇక్కడ టెక్సాస్‌లో బహిరంగంగా తాగి కనబడటానికి 500 డాలర్ల వరకు జరిమానా. అయితే తనకో ఇతరులకో ప్రమాదం కలిగించేంత మత్తులో ఉండాలి, ఎవరికో చిరాకు కలిగితే చాలదు. 2021లో లాంజ్ అనే అతని కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. చిన్న నేరం చేసినవాడు పారిపోయి ఇంట్లోకి దూరినంత మాత్రాన పోలీసు ప్రతిసారీ వారెంటు లేకుండా వెంట వెళ్ళకూడదు అని. లాంజ్ కారును తన గ్యారేజీలోకి పోనిచ్చాడు, మూసుకుంటున్న తలుపు కింద అధికారి కాలు పెట్టి ఆపాడు. ఆ కాలు గురించే వాదన అంతా.

ఆర్.వి. (ఉదయం 8:05)
అక్కడి తీర్పు ఇక్కడ చెల్లదు.

నాగావళి తీరం (ఉదయం 9:48)
క్షమించండి, నిద్రపోయాను. అన్నయ్య తెల్లవారుజామున నాలుగున్నరకే ఇంటికి వచ్చాడు, వాళ్ళే పంపించారు. బండి మాత్రం స్టేషన్‌లో ఉంది.

గుమస్తాగారూ, బండి మీదే వచ్చాడు. మలుపు దగ్గర పక్కింటి తాతగారి మోకాలికి హ్యాండిల్ తగిలిందట. పెద్ద దెబ్బ కాదు, గీరుకుపోయింది. ఆయన కొడుకు వచ్చి అడిగితే అన్నయ్య అరుగు మీద కూర్చుని తిట్టాడు. ఇంట్లోకి వచ్చిన విషయానికి దీనితో సంబంధం లేదనుకుని రాయలేదు.

పాత గుమస్తా (ఉదయం 10:15)
నాయనా, మొత్తం సంబంధం దానితోనే ఉంది. నేను ఉదయం రాసిందంతా 355 ఒక్కటే అనుకుని రాసింది.

నిర్లక్ష్యంగా బండి నడిపితే న్యాయ సంహితలో 281. ఆ నడపడం వల్ల మనిషికి గాయమైతే 125. రెండూ కాగ్నిజబుల్, వారెంటు అక్కరలేదు. అంటే 44 కింద ఇంట్లోకి రావడానికీ దారి ఉంది. అయితే రెంటికీ గరిష్ఠ శిక్ష ఆరు నెలలే (పెద్ద గాయమైతే వేరు). ఏడేళ్ళ లోపు నేరాలకు అలవాటుగా అరెస్టు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు. ముందు సురక్షా సంహిత 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి, పాత 41ఏ నోటీసు అదే. అరెస్టు తప్పదనుకుంటే ఎందుకు తప్పదో రాసి పెట్టాలి.

తాగి నడపడం మోటారు వాహనాల చట్టం 185. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. మొదటిసారికి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కానీ అందులో వారెంటు లేని అరెస్టు యూనిఫారంలో ఉన్న పోలీసు ఎదుట నడిపినప్పుడే. అలా పట్టుకుంటే రెండు గంటల లోపు వైద్య పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలిపెట్టాలి. అతను బండి నడపడం వాళ్ళు చూశారా? గొట్టంలో ఊదించారా, ఆసుపత్రికి తీసుకెళ్ళారా, ఎన్ని గంటలకు? ఇవి అన్నయ్యను నెమ్మదిగా అడిగి, మరిచిపోకముందే ఒక కాగితం మీద రాయించు.

అతని చొక్కా జేబు చూడు. ఏదో ఒక కాగితం ఇవ్వకుండా పంపరు.

నాగావళి తీరం (ఉదయం 11:30)
ఉంది. నాలుగు మడతలు పెట్టి ఉంది. వదిన అప్పటికే చొక్కా బకెట్‌లో నానబెట్టింది, పైన వరుస అలుక్కుపోయింది. 35(3) అని కనబడుతోంది. ఎల్లుండి ఉదయం పదికి రమ్మని ఉంది. ఊదించారట, ఎన్ని గంటలకో అతనికి గుర్తులేదు. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదట.

మాట మర్మం (ఉదయం 11:44)
నోటీసు ఇచ్చారంటే అది అరెస్టు కాదని రేపు వాదిస్తారు. రాత్రంతా కూర్చోబెట్టింది మరేమిటో అడగండి.

పాత గుమస్తా (మధ్యాహ్నం 12:10)
ఆ కాగితాన్ని ఇస్త్రీ చేయవద్దు. నీడలో ఆరబెట్టి ఫొటో తీసి ఉంచు. చెప్పిన రోజున వెళ్ళి తీరాలి, వెళ్ళకపోతే అరెస్టుకు వాళ్ళకు కొత్త కారణం దొరుకుతుంది. స్టేషన్ కెమెరాల రికార్డు పద్దెనిమిది నెలలు దాచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎన్నింటికి లోపలికి తెచ్చారో, ఎన్నింటికి వదిలారో అందులో ఉంటుంది. దానికోసం ఈ వారమే అర్జీ పెట్టు. బండి సంగతి మేజిస్ట్రేటు కోర్టులో తేలుతుంది, వకీలు ఒక పిటిషన్ వేస్తాడు.

అమ్మగారి దోమతెర మీద టార్చి వేసిన సంగతి అర్జీలో విడిగా రాయి. రావడానికి అధికారం ఉంటే మర్యాద లేకుండా రావడానికి కూడా ఉన్నట్టు కాదు. ఇంకొకటి, ఆ తాతగారి మోకాలు ఎలా ఉందో వెళ్ళి చూశారా ఎవరైనా?

టీచరమ్మ, బొబ్బిలి (మధ్యాహ్నం 12:31)
ఉదయం అడిగాను, మళ్ళీ అడుగుతున్నాను. రాత్రి తలుపు ఎవరు తీశారు?

నాగావళి తీరం (సాయంత్రం 6:20)
వదిన తీసింది. 'పిలవండమ్మా' అంటే పక్కకు జరిగిందట.

ఆర్.వి. (సాయంత్రం 6:26)
అయితే అనుమతి ఇచ్చినట్టే.

పాత గుమస్తా (సాయంత్రం 6:40)
యూనిఫారం చూసి పక్కకు జరగడం అనుమతి ఎలా అవుతుందయ్యా? లోపలికి రమ్మందా, లేదా? ఆ అమ్మాయినే చెప్పనివ్వండి.

టీచరమ్మ, బొబ్బిలి (సాయంత్రం 6:44)
అదే నేను అనేది. మీ వదినను కూర్చోబెట్టి అడగండి. అన్నయ్య పక్కన లేనప్పుడు అడగండి.

నాగావళి తీరం (మరునాడు రాత్రి 9:15)
తాతగారిని చూసి వచ్చాను, నడుస్తున్నారు. వకీలు దొరికారు. వదిన పిల్లలను తీసుకుని పలాస వెళ్ళింది, ఇంకా మాట్లాడలేదు. అందరికీ ధన్యవాదాలు.