"సర్కిల్ ఆఫ్ ఫాన్ డెర్ ఆస్ట్" అని వేలానికొచ్చిన పండ్ల చిత్రం: పాట పాడే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: ఆమ్‌స్టర్‌డామ్ వేలంలో ఒక డచ్ పండ్ల చిత్రం ఉంది. ఓక్ చెక్క మీద తైలవర్ణం, 37 × 52 సెం.మీ. చైనా పింగాణీ పళ్లెంలో ద్రాక్ష, పీచ్ పళ్లు, పక్కన గవ్వలు, ఒక బల్లి. కేటలాగులో "సర్కిల్ ఆఫ్ బాల్తజార్ ఫాన్ డెర్ ఆస్ట్ (17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు), బేర్స్ సిగ్నేచర్" అని రాశారు. అంచనా 6,000–8,000 యూరోలు. ప్రివ్యూలో (వేలానికి ముందు వస్తువులు చూపించే రోజుల్లో) ఏం చూడాలి?

కేటలాగు_కళ్లు: ముందు ఆ మాటలు సరిగ్గా చదవండి. "సర్కిల్ ఆఫ్" అంటే అదే కాలం, ఆయన ప్రభావం, చెయ్యి మాత్రం వేరే ఎవరిదో. "మానర్ ఆఫ్" అయితే కాలమే వేరు. "బేర్స్ సిగ్నేచర్" అంటే సంతకం ఇంకొకరు పెట్టారని వాళ్లే ఒప్పుకుంటున్నట్టు. కాబట్టి సంతకానికి పైసా కూడా కట్టొద్దు. పాట ధర మీద కొనుగోలుదారు కమిషన్ 25 శాతం దాటొచ్చు. అదెంతో ముందే అడిగి లెక్కేసుకోండి.

చెక్క_వెనక: బొమ్మ కంటే ముందు వెనక్కి తిప్పించండి. పాత పలకకు సాధారణంగా అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. గుండ్రటి రంపం గీతలు కనిపిస్తే అది 19వ శతాబ్దం లేదా ఆ తర్వాతి చెక్క. వెనక పాత లేబుళ్లుంటే ఫొటో తీసుకోండి. 1933–45 మధ్య, అంటే నాజీల కాలంలో, ఎవరి దగ్గరుందో కాగితం లేకపోతే జాగ్రత్త. 1940లో నాజీల చేతికి పోయిన, ఆమ్‌స్టర్‌డామ్ యూదు చిత్రాల వ్యాపారి గౌడ్‌స్టికర్ సేకరణ నుంచి 202 చిత్రాలను డచ్ ప్రభుత్వం 2006లో వారసులకు తిరిగిచ్చింది. ఆర్ట్ లాస్ రిజిస్టర్‌లో (పోయిన, దొంగిలించిన కళాఖండాల జాబితా) వెతికించారా అని రాతపూర్వకంగా అడగండి.

తర్వాత చీకటి గదిలో 365 నానోమీటర్ల యూవీ టార్చ్ వేయమనండి. పాత రెజిన్ వార్నిష్ ఆకుపచ్చగా మెరుస్తుంది, దాని మీద చేసిన మరమ్మతు నల్లటి మచ్చల్లా తేలుతుంది. నేపథ్యంలో మచ్చలు మామూలే. పండ్ల మీదే ఎక్కువుంటే ధర తగ్గాలి. వార్నిష్ మందంగా ఉంటే కింద మరమ్మతు దాక్కుంటుంది, కాబట్టి శుభ్రంగా కనిపించినంత మాత్రాన నమ్మకండి. సంతకం రంగు పగుళ్లలోకి దిగి ఉందంటే, పగుళ్లు వచ్చాక రాసిందే.

ప్రశ్న అడిగినవారు: ద్రాక్షాకులు నీలంగా ఉన్నాయి. నకిలీ అనుకోవాలా?

రంగుల_పొడి: కాదండీ, అది మంచి లక్షణమే. నీలం మీద పూసిన పసుపు లేక్ రంగు (మొక్కల అద్దకం నుంచి చేసేది) వెలుతురుకు పోతే ఆకు నీలంగా మిగులుతుంది. పరీక్ష చేయించాలంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్, అంటే ఎక్స్‌రేలతో రంగులో ఏ మూలకాలున్నాయో చూసేది. పసుపు భాగాల్లో సీసం, తగరం కలిసి కనిపిస్తే లెడ్-టిన్ యెల్లో కావచ్చు, 1750 ప్రాంతంలో వాడుక పోయిన రంగు అది. టైటానియం ఎక్కువగా కనిపిస్తే అక్కడ 20వ శతాబ్దపు తెలుపు పడి ఉండొచ్చు. అయితే అది మరమ్మతులోదా, అసలు పొరలోదా అని మైక్రోస్కోపులో తేల్చుకోవాలి. ఈ ధరకు డెండ్రోక్రోనాలజీ (చెక్కలోని వలయాలు లెక్కించే పరీక్ష) అక్కర్లేదు. అది చెక్క వయసు చెబుతుంది, బొమ్మ వయసు కాదు.

చెక్క_వెనక: ఒకటి మర్చిపోయాను. కొంటే రేడియేటర్ (గదిని వేడిచేసే హీటర్) పైన, బయటి గోడకు తగిలించకండి. చలికాలం హీటింగుకు గదిలో తేమ పడిపోయి ఓక్ అడ్డంగా కుంచించుకుంటుంది, అతుకు విడిపోతుంది, రంగు పెచ్చులు లేస్తాయి. తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉండాలి.