అప్‌డేట్: అమ్మమ్మ టేకు బీరువాకు పెయింట్ వేయలేదు

బీరువాలోంచి చెక్కపొడి రాలుతోంది, అందరూ పెయింట్ వేసేయమంటున్నారు, ఏం చేయాలి అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే కింద నల్ల కాగితం పరిచి వారం రోజులు చూశాం. వెనక పలక కిందే కొత్త పొడి పడింది. ఆ పలక చేవ (చెట్టు నడిమి గట్టి చెక్క) లేని తెల్లచెక్క, పురుగు తినేది దాన్నే. తలుపులు, కాళ్లు చేవ టేకు కాబట్టి చెక్కుచెదరలేదు. ఎంత టెన్షన్ పడ్డానో!

మేస్త్రి ఆ పలక మార్చి, పక్క అంచులకు పురుగుమందు పట్టించారు. తర్వాత ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డతో పల్చగా నాలుగు పూతలు పూశారు. ఇత్తడి బందులు చింతపండుతో అమ్మే తోమింది.

తలుపు తీస్తే ఇప్పటికీ అమ్మమ్మ పట్టుచీరల కర్పూరం వాసనే. అందరికీ చాలా థాంక్స్.