చేతిపంపు నీటిలో కళ్లు లేని తెల్లటి జీవి: గుహల్లో ఉండేవి మన ఇసుకలో కూడా ఉంటాయా?

ప్రశ్న: లంక బడి టీచరు

వసిష్ఠ గోదావరి ఒడ్డున ఒక లంక గ్రామంలో పాఠాలు చెబుతాను. డిసెంబరులో పిల్లలను బెలుం గుహలకు తీసుకువెళ్లాం. పాతాళగంగ దగ్గర, నీళ్లు బండ కిందికి మాయమయ్యే చోట, ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఆగిపోయింది. "ఈ నీళ్లలో ఏమైనా బతుకుతాయా టీచర్? మన ఊళ్లో గుహ లేదు కదా, అలాంటివి మనకు ఉండవా?" అని అడిగింది. తెలుసుకుని చెబుతానన్నాను.

ఇక అసలు సంగతి. మా చేతిపంపు మూతికి ఇసుక రాకుండా పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి కడతాం. పోయిన ఆదివారం ఆ గుడ్డను తెల్ల పింగాణీ గిన్నెలో జాడిస్తే, నువ్వుగింజలో సగం పొడవున్న నూలుపోగు లాంటిది అడుగున పాకుతూ కనిపించింది. భూతద్దంలో చూస్తే సన్నటి కాళ్లు చాలా ఉన్నాయి, కళ్లు మాత్రం కనిపించలేదు. ఒళ్లంతా గాజులా ఉంది. అది ఏమిటి? గుహ లేని చోటికి ఎలా వచ్చింది?

జవాబు 1: విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, అమలాపురం

టీచరు గారూ, ఆ అమ్మాయికి చెప్పవలసిన జవాబులో సగం మీ పింగాణీ గిన్నెలోనే ఉంది.

దోమపిల్ల అయితే ఊపిరి కోసం పైకి వస్తుంది, నల్లటి కళ్లు కనిపిస్తాయి. వానపాము లాంటి పురుగైతే కాళ్లు ఉండవు. మీరు చూసింది అడుగునే పాకింది, కాళ్లున్నాయి, రంగూ కళ్లూ లేవు. చూడకుండా పేరు పెట్టలేను గాని, నేల కింది నీటిలోనే పుట్టి అక్కడే చనిపోయే రొయ్యల దూరపు చుట్టాల్లో ఒకటై ఉంటుందని నా నమ్మకం. అలాంటి బాతినెల్లా అనే జీవిని 1882లో మొదటిసారి వర్ణించినప్పుడు అది దొరికింది ప్రాగ్ నగరంలోని ఒక బావి నీటిలో. ఇలా నేల కింది నీటిని వదలని జీవులకు శాస్త్రజ్ఞులు పెట్టిన స్టైగోబైట్ అనే పేరులో గ్రీకుల పాతాళ నది స్టిక్స్ ఉంది. మన వైతరణి లాంటిదన్నమాట.

గుహ అంటే మనిషి దూరగలిగే బిలం అనుకుంటాం. మిల్లీమీటరు పొడవున్న జీవికి రెండు ఇసుక రేణువుల నడుమ సందే గుహ. అందుకే ఇవి దారంలా సన్నగా, పొడుగ్గా ఉంటాయి. ముతక ఇసుకలో సందులు పెద్దవి, నీరు కదులుతుంది, ఆ నీటితో ప్రాణవాయువూ వస్తుంది. బంకమట్టిలో ఇవి పట్టే సందులు లేవు, నీరు దాదాపు కదలదు. తవ్వితే నల్లగా, కుళ్లిన గుడ్డు వాసన కొట్టే మట్టిలో ప్రాణవాయువు అయిపోయిందని అర్థం. అక్కడ వీటి కోసం వెతకడం వృథా.

తరువాతిది తిండి. చీకట్లో ఆకుపచ్చటి మొక్క బతకదు కాబట్టి తిండి చాలావరకు పైనుంచే దిగాలి. గుహలోకైతే వరదనీటితో ఆకులు, గబ్బిలాల రెట్ట వెళతాయి. ఇసుకలోకి నది నీటితో కుళ్లిన ఆకుల సారం, సూక్ష్మజీవులు దిగుతాయి. ఎప్పుడూ కొంచెమే. ఆ కొంచెంతోనే సరిపెట్టుకునే ఒళ్లు వీటిది. యూరప్ గుహల్లో ఓల్మ్ అనే చూపు లేని ఉభయచరం ఉంది. హెర్జెగోవినా గుహల్లో వాటిని గుర్తుపెట్టి గమనిస్తే ఒకటి 2,569 రోజులు, అంటే ఏడేళ్లు, ఉన్న చోటు నుంచి కదలలేదు. ఈ వివరం 2020లో ప్రచురించారు. నేను దాన్ని చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

నాకు అన్నిటికంటే ప్రాణమైన సంగతి వీటి చరిత్ర. ఇవి ఎగరలేవు, ఎండకు తట్టుకోలేవు. ఒక ఇసుక పొర నుంచి ఇంకో పొరకు మధ్యలో బంకమట్టి అడ్డుపడితే అంతే. మనకు లంక అంటే చుట్టూ నీళ్లున్న నేల, వీటికి చుట్టూ మట్టి ఉన్న నీళ్లు. అలా విడిపోయిన చోటల్లా లక్షల ఏళ్లలో కొత్త జాతి తయారవుతుంది. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆచార్య వై. రంగారెడ్డి గారు, సహచరులు కృష్ణా గోదావరి ఇసుకల నుంచి, బోర్ల నుంచి ఇలాంటివి ఎన్నో వెలికి తీశారు. కిన్నెకారిస్ గోదావరి అని ఒక జాతికి మన నది పేరే ఉంది. వాళ్లు వర్ణించిన వాటిలో హబ్రోబాతినెల్లా అనే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) జీవులున్నాయి. ఆ ప్రజాతి చుట్టాలు ఎక్కడున్నాయో తెలుసా? మడగాస్కర్‌లో. దానికీ మనకూ నేల తెగిపోయి దాదాపు తొమ్మిది కోట్ల ఏళ్లు. సముద్రం ఈదలేని జీవి రెండు వైపులా ఉందంటే, ఆ రెండు నేలలూ ఒకటిగా ఉన్న రోజుల నుంచీ ఉన్నట్టే. 2011లో మన సున్నపురాతి గుహల నుంచి వర్ణించిన ఆంధ్రకోయిడిస్ అనే ప్రజాతికి ఆస్ట్రేలియాలో బంధువులున్నారు.

మరి మన డెల్టా? సముద్రమట్టం నిలకడకు వచ్చాక, సుమారు ఆరు వేల ఏళ్లుగా గోదావరి మేటవేస్తూ ముందుకు నెట్టిన నేల ఇది. మీ గిన్నెలోది నేననుకున్నదే అయితే, దాని వంశం మీ లంక కంటే వేల రెట్లు పాతది. ఎగువ ఇసుకలో ఉన్నవి నది కొత్త ఇసుక పరిచే కొద్దీ సందు నుంచి సందుకు దిగి వచ్చాయని నా ఊహ. వరదలు కూడా మోసుకొచ్చి ఉంటాయి. 1986 వరదలో ఇసుక తిన్నెలు రాత్రికి రాత్రి చోటు మారడం నేను కళ్లారా చూశాను.

పిల్లలతో ఒక పని చేయించండి. నీటి అంచుకు రెండడుగుల దూరంలో చెలమ తవ్వండి. మొదట ఊరే బురదనీళ్లు రెండుసార్లు తోడి పారబోయండి. మూడోసారి ఊరిన నీళ్లను కొబ్బరి చిప్పతో తోడి, మీ పంచె గుడ్డలోనే వడకట్టి తెల్ల గిన్నెలో జాడించండి. ప్రపంచమంతా పరిశోధకులు చేసే పద్ధతి కూడా ఇదే.

జవాబు 2: ఫిల్టరు పాయింట్ల మేస్త్రి, రాజోలు వైపు

మాస్టారూ, ఒక్క మాట. ఉప్పు సంగతి చెప్పలేదు మీరు. ముప్పై ఏళ్లుగా పైపులు దించుతున్నాను. మా వైపు పద్దెనిమిది, ఇరవై అడుగుల దాకా తియ్యటి నీళ్లు, ముప్పై దాటితే ఉప్పు. కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో ఆ ఉప్పు ఇంకా పైకి వస్తుంది. రొయ్యల చెరువులు తవ్విన వైపు నా చిన్నప్పటి మంచి బోర్లు ఇప్పుడు నోట పెట్టలేం. ఈ జీవులు ఆ నీళ్లలో ఉంటాయా?

జవాబు 3: విశ్రాంత అధ్యాపకుడు

మీరు చెప్పాకనే నా జవాబులో లోటు తెలిసింది మేస్త్రి గారూ. తియ్యటి నీరు తేలిక, ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున తియ్యటి నీరు నిలిస్తే కింద దాదాపు నలభై అడుగులు ఉప్పును తొక్కిపెడుతుంది. పైన అడుగు తగ్గితే కాలక్రమంలో కింద నలభై అడుగులు పోతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నుంచి ఇంకే నీళ్లు కూడా ఆ పొరను నిలబెడుతున్నాయి. ఉప్పునీటి గుహల్లో బతికే జాతులు వేరే ఉన్నాయి, మెక్సికోలోని యుకటాన్ గుహల్లో వాటిని చూడవచ్చు. మన తియ్యటి నీటి జీవులకు మాత్రం ఉప్పు పైకి వచ్చిందంటే ఇల్లు కూలినట్టే, పక్కకు పోవడానికి దారి ఉండదు. కోట్ల ఏళ్లు నిలిచిన వంశం ఒక చెరువు ఊటతో మా కళ్ల ముందే పోవడం నేను తట్టుకోలేను.

లంక బడి టీచరు

మాస్టారూ, నమస్కారం. నిన్న పిల్లలతో రెండు చెలమలు తవ్వాం. రేవుకు ఎగువన ముతక ఇసుకలో మొదటిది. నీళ్లు అద్దంలా ఊరాయి. నాలుగు చిప్పలు వడకడితే గిన్నెలో రెండు కనిపించాయి, రెండూ అడుగునే, ఇసుక రేణువు చాటుకు పోతూ. దిగువన బూడిదరంగు ఒండ్రులో రెండోది. మీరు చెప్పిన వాసనే, ఒక్కటీ లేదు. ఆ అమ్మాయి రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టుకుని అరగంట కదలలేదు. తరువాత, "అవతలి ఒడ్డున కూడా ఇవేనా, వేరే జాతా?" అంది. వచ్చే ఆదివారం పడవ దాటి వెళుతున్నాం. మొదటి రెండింటినీ అదే చెలమలో వదిలేశాం. ఈసారి దొరికితే మీకు చూపించాలని ఉంది. ఎలా దాచాలి?

విశ్రాంత అధ్యాపకుడు

రెండు మూడు చాలు, మిగతావి వదిలేయండి. గట్టి ఆల్కహాలు పోసిన చిన్న సీసాలు మీ ఊరి బస్సులో పంపుతాను, ఒడ్డుకు ఒకటి. ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోతున అన్నది చీటీ మీద పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయండి. కలంతో రాస్తే సిరా కరిగిపోతుంది. చీటీ ఆ అమ్మాయి చేత రాయించండి.