లావు, గుండె, యాంటీ ఆక్సిడెంట్లు: బిళ్ళలు వాడినవాళ్ళు చెప్పండి

అమలాపురం_కోడలు:
మావారికి నలభై దాటాయి. పొట్ట బాగా వచ్చింది, ఎకో (గుండె స్కాన్) తీస్తే గుండె గోడ కొంచెం మందమైందన్నారు, బీపీ బిళ్ళ మొదలెట్టారు. ఇంతలో మా మరిది విటమిన్ ఇ, గ్రేప్ సీడ్ (ద్రాక్ష గింజల సారం) అంటూ బిళ్ళల డబ్బాలు పట్టుకొచ్చాడు. తిండి వల్ల వచ్చిన లావుతో గుండె పాడవకుండా ఈ యాంటీ ఆక్సిడెంట్లు, అంటే ఆక్సిజన్ వల్ల కణాలకి జరిగే నష్టాన్ని ఆపేవి, కాపాడతాయట. ఎవరన్నా వాడారా? లేకపోతే తిండిలో ఏం పెడితే మంచిది? నూనె కూడా మార్చాలా?

తణుకు_తమ్ముడు:
అక్కా, ఇంట్లో పామాయిల్ ఉంటే ముందు అది మానెయ్యండి. మా నాన్నకి స్టెంటు వేశాక మేం మొదట చేసిన పని అదే. ఇక బజారు బజ్జీల సంగతి చెప్పక్కర్లేదు. పొద్దుటి నుంచి కాగి కాగి మూకుట్లో నూనె నల్లబడిపోతుంది, పిండి వేసేసరికి నురగ అంచుదాకా పొంగుతుంది, తరిగిపోతే అందులోనే కొత్త ప్యాకెట్ చింపి పోసేస్తారు. అవి తిని పైన బిళ్ళ మింగితే ఏం లాభం?

పెదవేగి_తోట:
తమ్ముడూ, మరిగించి మరిగించి వాడితే ఏ నూనైనా పాడే. దానికి పామాయిల్ మీద పడతారేంటి? మాది ఆయిల్‌పామ్ తోట. గెలల నుంచి తీసిన పచ్చి నూనె ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపంతా కెరోటిన్లు, టోకోట్రయినాల్స్ అనే విటమిన్ ఇ రకం కూడా ఉంటుంది. ఆవిడ అడిగిన యాంటీ ఆక్సిడెంట్లు అవేగా! రిఫైనరీలో రంగూ వాసనా తీసేటప్పుడు ఆ కెరోటిన్ పోతుంది. తప్పు శుద్ధి చేసే పద్ధతిది, చెట్టుది కాదు. ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన సంస్థ మా పెదవేగిలోనే ఉంది, వచ్చి అడగండి. గెలల ధర పడిపోయినప్పుడు మా గురించి ఒక్కరూ మాట్లాడరు, నింద వెయ్యడానికి మాత్రం అందరూ ముందుంటారు.

ఫార్మసీ_మేష్టారు:
నేను ఏళ్ళ తరబడి ఫార్మకాలజీ పాఠం చెబుతున్నవాణ్ణి, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఎర్ర నూనెలో కెరోటిన్లున్న మాట నిజమే. అదే నూనెలో దాదాపు సగం సంతృప్త కొవ్వు, అందులో ఎక్కువ పామిటిక్ ఆమ్లం. గుండె కండరం మామూలుగా కొవ్వు ఆమ్లాలనే ఎక్కువ వాడుకుంటుంది. అవసరానికి మించి వచ్చి పడితే మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే చోటు) ఏటీపీ, అంటే కణం వాడుకునే శక్తి, తయారయ్యే దారిలో ఎలక్ట్రాన్లు జారిపోయి ఆక్సిజన్‌కి తగులుకుంటాయి, కణాన్ని దెబ్బతీసే సూపరాక్సైడ్ పుడుతుంది. (ఆ ఏటీపీని కండరంలో మొదట కనిపెట్టినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, పిల్లలకి చెప్పండి.) దాన్ని అణచడానికి కణంలో కెటలేజ్, గ్లూటథయోన్ లాంటి సొంత కాపలా ఉంటుంది. రోజూ ఎక్కువైతే ఆ కాపలా చాలదు. కణం పొరలు దెబ్బతింటాయి, గుండె గోడ బిరుసెక్కుతుంది.

ఎలకలకి కొవ్వు మేత పెట్టి, క్వెర్సెటిన్, రెస్వెరట్రాల్ లాంటి మొక్కల యాంటీ ఆక్సిడెంట్లు ఇస్తే ఈ నష్టం తగ్గినట్టు చాలా ప్రయోగాల్లో కనిపించింది. డబ్బాల మీద రాసేది ఆ ఎలకల సంగతే. మనుషుల్లో చూస్తే, 2000లో వచ్చిన హోప్ అనే పెద్ద వైద్య పరీక్షలో వేలమందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు. 2005లో దాని కొనసాగింపు వచ్చింది, అందులో విటమిన్ ఇ తీసుకున్నవాళ్ళలో గుండె వైఫల్యం ఇంకాస్త ఎక్కువ కనిపించింది. ఫిన్లాండ్‌లో పొగతాగేవాళ్ళకి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది, అది 1994 మాట.

పెదవేగి_తోట:
మేష్టారూ, సంతృప్త కొవ్వు మా నూనెలోనే ఉందా? నెయ్యిలో 60 శాతం, కొబ్బరి నూనెలో 90 శాతం దాకా ఉంటుంది. కోనసీమ వాళ్ళని ఒక్కమాట అనరేం?

అంబాజీపేట_దింపు:
ఆయ్, మధ్యలో మా కొబ్బరెందుకండి? కొబ్బరి నూనె మేం తలకి రాసుకుంటాం, కూరల్లో పొయ్యం. పచ్చికొబ్బరి పచ్చడిలో పీచూ ఉంటుంది, అది వేరు, నూనె వేరు. కాయలు దింపే కూలి గిట్టక మేం చస్తుంటే మీ గెలల గొడవ మా మీదకి తోస్తారా? లెక్కలు నేర్చుకుని మాట్లాడండి.

పెదవేగి_తోట:
లెక్కే చెప్పాను. కోపమొస్తే లెక్క మారదు.

తణుకు_తమ్ముడు:
ఇద్దరూ కాస్త ఆగండి. 2018 నుంచి రూలుంది, వేపిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె మరిగి పాడైతే పుట్టేవి) 25 శాతం దాటితే వాడకూడదు. మా బజార్లో ఎవడన్నా కొలిచాడా? దాని గురించి మాట్లాడండి.

పాలకొల్లు_పద్మ:
నూనె పక్కనపెట్టండి, నాకు జరిగింది చెబుతాను. మా అమ్మకి గుండె కవాటం మార్చారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతుంది. యాంటీ ఆక్సిడెంట్ అని ఎవరో మునగాకు పొడి అంటగట్టారు, రోజుకి రెండు చెంచాలు తాగేది. ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష) పడిపోయింది, అంటే మందు పని తగ్గింది. ఆకుల్లో విటమిన్ కె మందుకి అడ్డమట, తింటే రోజూ ఒకే లెక్కలో తినాలట. అమ్మినవాడు ఒక్కమాట చెప్పలేదు, ఇప్పటికీ నా కడుపు మండుతోంది. విటమిన్ ఇ ఎక్కువైతే ఇంకో పక్క రక్తం కారే ప్రమాదమట. మీ ఆయన ఏ మందులు వాడుతున్నారో చూసుకోకుండా ఆ డబ్బా మూత తియ్యకండి.

కడియం_నర్సరీ:
పొడులెందుకండి, పెరట్లో మునగ కొమ్మ పాతితే నిలుస్తుంది. ఉసిరి, జామ, నేరేడు వేసుకోండి. జామకాయలో విటమిన్ సి నారింజకి నాలుగు రెట్లుంటుంది, జ్యూస్ తియ్యకుండా కొరికి తింటే పీచు కూడా దక్కుతుంది. ఉసిరావకాయ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, బీపీ ఉన్నాయనకి ఆ ఉప్పు పనికిరాదు.

తణుకు_తమ్ముడు:
మరి ఆత్రేయపురం బెల్లం పూతరేకులు? బెల్లంలో కూడా యాంటీ ఆక్సిడెంట్లున్నాయంటారుగా.

ఫార్మసీ_మేష్టారు:
కొద్దిగా ఉన్నాయి. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారే, పైన నెయ్యి. పండక్కి ఒకటి తినండి, గుండె పేరు చెప్పి తినకండి. 2003-04లో మన రెండు గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో చావులకి కారణాలు లెక్కగడితే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే. పట్నం జబ్బని ఇంకా అనుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

అమ్మా అమలాపురం, ఆయన నడుం కొలిచారా? మనవాళ్ళలో మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమే. బరువు తగ్గి, బీపీ అదుపులో ఉంటే మందమైన గోడ కూడా కొంత వెనక్కి తగ్గుతుంది. రోజూ నడిస్తే ఒంట్లో ఉన్న సొంత కాపలా బలపడుతుంది, దానికి డబ్బా అక్కర్లేదు. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం ఉందా?

అమలాపురం_కోడలు:
మెట్ల మీద ఆయాసం ఉందండి. పడుకుంటే లేదు. మరిదికి పద్మ గారి మాట చూపించాను, మొహం మాడ్చుకున్నాడు. రేపు డాక్టర్ దగ్గరకి డబ్బాలు కూడా పట్టుకెళ్తాను.

అంబాజీపేట_దింపు:
పట్టుకెళ్ళండమ్మా, ఆయాసం సంగతి ముందు చెప్పండి. పెదవేగి గారూ, కొబ్బరి పచ్చడి మీద మీ లెక్కేంటో ఇంకా చెప్పలేదు.