మోడ్‌ని తెలుగులో ఏమందాం?

మా పాప నెల్లూరులో కీబోర్డు క్లాసుకి పోతోంది. మొన్న వచ్చి "నాన్నా, ఈ వారం డోరియన్ మోడ్" అంది. ఏందమ్మా అది అంటే, తెల్ల మెట్లే వాయించాలంట, కాకపోతే సి దగ్గర కాకుండా డి దగ్గర ఎత్తుకుని పై డి దాకా పోవాలంట. నా ధ్యాసంతా మాట మీదే. వెతికితే 'మూర్ఛన' దొరికింది. భరతుడి నాట్యశాస్త్రంలోనే ఉంది: గ్రామమంటే ఊరు కాదు, పాతకాలపు మూల స్వరాల వరస; షడ్జ గ్రామానికి 7 మూర్ఛనలు, మధ్యమ గ్రామానికి 7. ఒకే స్వరాల వరసను ఒక్కో స్వరం నుంచి మొదలుపెట్టడం. అచ్చంగా మనక్కావలసిందే. సంబరంగా అమ్మతో "పాప మూర్ఛన వాయిస్తోందమ్మా" అన్నాను. "ఎవరికిరా మూర్ఛ? చేతిలో తాళాలు పెట్టండి!" అని లేచింది.

మూర్ఛనకీ మూర్ఛకీ సంస్కృత ధాతువు ఒకటేనంట. వ్యాపించడమూ అదే, సొమ్మసిల్లడమూ అదే. ఇంట్లో వాడే మాట మాత్రం కాదు. రాగం అందామా?

— రాగం వద్దు సార్. రాగమంటే గమకం (స్వరాన్ని ఊపడం), సంచారం (స్వరాల నడక) అన్నీ ఉండాలి. మోడ్ ఉత్త నిచ్చెన. మేళం (రాగానికి మూలమైన ఏడు స్వరాల వరస) అనండి, పోతుంది.

— మోడ్ అనే అనుకుంటే పోలా?

— అన్నా, మాది పొదిలి పక్క. మా నాయన పద్య నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన లెక్కలో సి ఒకటి, డి రెండు. నల్లవన్నీ అరలు: ఒకటిన్నర, రెండున్నర. మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు, అందుకే మూడున్నర శ్రుతి అనే మాటే వినం. పాప వాయించేది 'రెండో మెట్టు షడ్జమం', అంటే రెండో మెట్టే 'స'. తెల్ల మెట్ల మీదే రెండు నుంచి ఖరహరప్రియ మేళం, మూడు నుంచి తోడి, నాలుగు నుంచి కల్యాణి, ఐదు నుంచి హరికాంభోజి, ఆరు నుంచి నఠభైరవి. ఏడు నుంచి ఎత్తుకుంటే పంచమం ('ప') దొరకదు, అందుకని దానికి మేళం లేదు. ఇట్టా షడ్జమం మార్చడాన్ని మనవాళ్లు గ్రహభేదం అంటారు.

ఒక్క మాట. పాప ఊరికే డి నుంచి డి దాకా పోయొస్తే చెవి మళ్లీ సి దగ్గరికే పోయి కూర్చుంటుంది. ఎడమ చేత్తో కింది డిని నొక్కిపట్టి, కుడి చేత్తో వాయించమనండి. అప్పుడు ఆరో స్వరం బి దగ్గర చిన్న వెలుగు వస్తుంది, అదే చతుశ్రుతి ధైవతం (పై 'ధ'). ఆ బిని నల్లమెట్టుకి దించితే నఠభైరవి అయిపోతుంది. తోడి మాత్రం పియానో మీద స్వరస్థానాల వరకే. గాంధారాన్ని ('గ'ని) ఊపకుండా తోడి యాడిది?

— 'గ్రహభేదం' అంటే మీ అమ్మగారు పంచాంగం తీస్తారేమో చూసుకోండి.

— అన్నా, మీ నాయన లెక్క మా పాపకి తెగ నచ్చింది. మేమిక 'రెండో మెట్టు' అనే అంటాం. నల్ల మెట్లు ఐదే కదా, వాటితోనూ ప్రయత్నించాం. నాలుగున్నర నుంచి మోహనం, ఆరున్నర నుంచి హిందోళం. చివర ఐదున్నర నుంచి ఎత్తుకుంటే మధ్యమావతి వచ్చింది, కచేరీ చివర మంగళానికి పాడే రాగం. అమ్మ వంటింట్లోంచి అడిగింది: "అప్పుడే మంగళం పాడేసిందా? ఇంకా ఎనిమిది కూడా కాలేదే."