గెలాక్సీ ఎస్24కి క్యూఐ2 మాగ్నెట్ ఛార్జర్ పనిచేస్తుందా?

ప్రశ్న:
విజయవాడ, హైదరాబాద్ మధ్య కారులో తిరుగుతుంటాను. మ్యాప్స్ పెడితే బ్యాటరీ ఇట్టే అయిపోతోంది. డబ్బా మీద క్యూఐ2, 15 వాట్లు అని రాసున్న, మాగ్నెట్‌తో ఫోన్‌ని పట్టుకునే వైర్‌లెస్ కార్ ఛార్జర్ నచ్చింది. ఫోన్ వెనక మాగ్నెట్ రింగ్ అతికిస్తే క్యూఐ2 అయిపోతుందంటున్నాడు షాపతను. నిజమేనా అండి?

జవాబు:
అవ్వదండి. ఆపిల్ 2020లో ఐఫోన్ 12తో మాగ్‌సేఫ్ అనే మాగ్నెట్ వైర్‌లెస్ ఛార్జింగ్ తెచ్చింది. దాని ఆధారంగానే వైర్‌లెస్ ఛార్జింగ్ ప్రమాణాలు పెట్టే కంపెనీల కూటమి వైర్‌లెస్ పవర్ కన్సార్షియం 2023లో క్యూఐ2 అనే ప్రమాణం ప్రకటించింది. ఛార్జర్‌లో ఒక తీగచుట్ట, ఫోన్‌లో ఒకటి ఉంటాయి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోవాలి, మాగ్నెట్ పని అదే. పక్కకి జరిగితే కరెంటు వేడిగా మారి వృథా అవుతుంది. కాబట్టి రింగ్ దండగ అనను. కానీ ఎస్24 మాగ్నెట్ లేని పాత క్యూఐ పద్ధతిలోనే ఛార్జ్ అవుతుంది, ఆ 15 వాట్ల మీద ఆశ పెట్టుకోకండి. ఒట్టి ఇనుప బిళ్ల మాత్రం అతికించొద్దు, చుట్టకి అడ్డం పడితే ఛార్జింగే ఆగిపోతుంది. మాగ్నెట్ ఉన్న కేస్ మేలు.

ఇంకో జవాబు:
బ్రో, ఎస్25 లోపల కూడా మాగ్నెట్లు లేవు, దానికీ కేస్ కావాల్సిందే! గూగుల్ పిక్సెల్ 10లో ఉన్నాయి.

అడిగినవారు:
కారులో పాత 10 వాట్ల అడాప్టర్ ఉంది. చాలదా?

జవాబు:
చాలదండి. 20 వాట్ల పీడీది (పవర్ డెలివరీ, అంటే యూఎస్‌బీ-సి ఫాస్ట్ ఛార్జింగ్) తీసుకోండి. స్టాండ్ ఏసీ వెంట్‌కి తగిలించేదైతే మంచిది. మే నెల ఎండలో డ్యాష్‌బోర్డ్ మీద పెడితే ఫోన్ వేడెక్కి ఛార్జింగ్ తనే తగ్గించుకుంటుంది. మ్యాప్స్ నడుస్తుంటే నేనైతే కేబులే పెడతాను.