అమ్మానాన్నల కాలంలో ప్రేమ ఎక్కువా, సర్దుకుపోవడం ఎక్కువా?

తెనాలి కుర్రాడు:
మా అమ్మానాన్నల పెళ్లి 1974లో అయింది. వాళ్లు కూర్చుని కబుర్లు చెప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు అమ్మకి మోకాళ్ల నొప్పులు ఎక్కువైతే నాన్నే కాఫీ కలిపి మంచం దగ్గరికి తెస్తున్నారు. మా కజిన్ పెళ్లేమో రెండేళ్లకే విడాకుల దాకా వెళ్లింది. ప్రేమ విలువ ఆ తరానికే తెలుసనిపిస్తోంది. మీరేమంటారు?

వరంగల్ లాయర్:
విడిపోలేదు కాబట్టి ప్రేమ ఉన్నట్టే అంటే ఒప్పుకోలేనండి. అసలు విడిపోయే దారేది? 1955 హిందూ వివాహ చట్టంలో విడాకులున్నాయి గానీ, అవతలివాళ్ల తప్పు రుజువు చెయ్యాలి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోయే వీలు 1976 సవరణతో వచ్చింది. పోనీ, బయటికొస్తే ఉండేదెక్కడ? ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985లో ఇచ్చారు, అదీ అప్పటికి పెళ్లికాని వాళ్లకే. మీ అమ్మగారి తరం 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

రాజమండ్రి టీచరమ్మ:
నాది 1979 పెళ్లి. తాగకూడదు, చెయ్యి చేసుకోకూడదు, జీతం ఇంట్లో ఇవ్వాలి. మొగుడి నుంచి నేను కోరుకున్నవి ఇంతే. అత్తగారి ముందు ఇద్దరం మాట్లాడుకునే వాళ్లమే కాదు, ఏం కావాలన్నా పిల్లాడితో చెప్పించేవారు. ఆయనకి ట్రాన్స్‌ఫరై వేరే ఊళ్లో ఒంటిగది వాటాలో దిగాక, రాత్రిళ్లు మేడ మీద కూర్చుని ఆయన చిన్నప్పటి సంగతులు చెప్పారు. అప్పటికి పెళ్లై ఎనిమిదేళ్లు. ప్రేమ అక్కడ మొదలైందని నా నమ్మకం. మా అమ్మాయి మాత్రం మొదటి రోజు నుంచే స్నేహితుడు లాంటి భర్త కావాలంది. అందులో అత్యాశ ఏముంది బాబూ? నేనూ కోరుకునేదాన్నే, అడగొచ్చని తెలిస్తే.

తెనాలి కుర్రాడు:
నిజమేనమ్మా. కానీ ఇప్పుడు స్నేహం, ఓదార్పు, సలహా అన్నీ ఒక్క మనిషే ఇవ్వాలంటే ఎలా? హైదరాబాద్ ఫ్లాట్‌లో ఇద్దరే ఉంటారు. గొడవైతే సర్దిచెప్పేవాళ్లే లేరు.

రాజమండ్రి టీచరమ్మ:
ఇది ఒప్పుకుంటాను. మా తోటికోడలు లేకపోతే ఆ ఎనిమిదేళ్లూ గడిచేవి కావు. నా ఏడుపంతా ఆవిడే విన్నది. అయితే ఆవిడ సర్దిచెప్పింది ఎప్పుడూ నాకే. ఆయన్ని కూర్చోబెట్టి అడిగినవాళ్లు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. మీ కజిన్‌కి సర్దిచెప్పాలనుకుంటే, ఇద్దరితోనూ మాట్లాడండి.